ఆవిరక్క నిద్ర మందు

మా వదిన పుస్తకం తెరిస్తే చాలు, నిద్ర ఎక్కడున్నా పరుగెత్తుకుంటూ వచ్చేది. ఇది చాడీ కాదు, ఇంట్లో అందరం కళ్లారా చూసిన సంగతే. మొదటి పేరా గొంతెత్తి చదివేది. రెండో పేరాకి ఆవులింతలు మొదలు. ఆ తర్వాతి పేరా మీద బుగ్గ ఆన్చి హాయిగా ఒరిగిపోయేది. లేచాక చూస్తే బుగ్గ మీద పుస్తకం అంచు గీత పడి ఉండేది. నేను ఆడపడుచుని, ఊరుకుంటే ఆ పదవికే అవమానం. "ఇవాళ పాఠం ఎంతవరకు ఎక్కింది వదినా? బుగ్గ వరకేనా?" అనేదాన్ని. "నోరు మూసుకుని నీ కాజాలు కుట్టుకో పో" అనేది. నేను దర్జీ షాపులో పని చేస్తాను. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడగలను కాబట్టి ఆ సలహా నాకు అంత పనికొచ్చేది కాదు.

పుస్తకం ముందు ఇలా కూలబడే మనిషి పనిలో మాత్రం రెప్ప వాల్చదు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ పనిముట్లు శుభ్రం చేసే విభాగం ఆమెది. పక్కపక్కనే రెండు గదులు, మధ్య గోడకి ఒక కిటికీ. ఇటు గదిలోకి నెత్తురంటిన కత్తెరలు, పట్టకార్లు, బిగింపులు వస్తాయి. వాటిని నానబెట్టి, కీలు కీలుకీ బ్రష్షు పెట్టి తోమి, భూతద్దం కింద తిప్పి చూసి, కిటికీలోంచి అటు గదికి అందిస్తారు. అక్కడ ఏ ఆపరేషన్‌కి కావలసినవి ఆ ట్రేలో వరసగా సర్ది, నీలం గుడ్డలో మూట కట్టి, ఆటోక్లేవ్ అనే పెద్ద ఆవిరి యంత్రంలోకి తోస్తారు. మూట మీద అంటించిన టేపులో లేత గీతలు ఉంటాయి, లోపల వేడి సరిగ్గా తగిలితే అవి నల్లబడతాయి. వదిన ఆ యంత్రం తలుపు తీసినప్పుడల్లా ఆవిరి గుప్పున కమ్మేసి మనిషి కనబడదు, మాట మాత్రం వినబడుతుంది. అందుకే అక్కడందరూ ఆమెని ఆవిరక్క అంటారు.

ఆ విభాగంలో షిఫ్టు పెద్ద పదవికి ఒక పరీక్ష ఉంది. ముందు రాతపరీక్ష, తర్వాత నోటి పరీక్ష. వదిన రెండుసార్లు రాసింది, రెండుసార్లూ తప్పింది. మూడోసారి తప్పితే ఇక రాయనివ్వరు. అంతటితో పోయినా బాగుండేది. కడగడానికి కొత్త యంత్రాలు తెస్తున్నారు, పరీక్ష గట్టెక్కని వాళ్లని కింది అంతస్తులో దుప్పట్లు ఉతికే గదికి పంపేస్తారు. ఆ మాట తెలిసిన రోజు వదిన వంటగదిలో గిన్నె తోముతూ తోముతూ ఏడ్చేసింది. "దుప్పట్లంటే నాకేం కోపం లేదే. కానీ ఆ కత్తెరలంటే నాకు ప్రాణం. ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలుస్తాను. వాటిని వదిలి నేనుండలేను" అంది. ఎప్పుడూ ఏడిపించే నేను ఆ రోజు ఆమె చేతిలో గిన్నె అందుకుని మిగతావన్నీ తోమేశాను.

మా అన్నయ్య ఫ్రిజ్‌లు బాగు చేస్తాడు. ఏ సమస్యకైనా ఒక విడిభాగం ఉండి తీరుతుందని ఆయన నమ్మకం. వదిన బుర్రకి కావలసిన విడిభాగం కోసం ఫోన్లో వెతికాడు. కండలు తిరిగిన కుర్రవాడొకడు వీడియోలో ప్రత్యక్షమై, చదువుకునేవాళ్ల మెదడుకి పదును పెట్టే మాత్రల గురించి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. చివర్లో చూపుడువేలు మా మీదికి గురిపెట్టి, "ప్రతి ఒక్కరికీ సొంత స్టాక్ ఉండాలి!" అన్నాడు.

స్టాక్ అంటే మాకు తెలిసింది ఒక్కటే, సరుకు నిల్వ. అన్నయ్య మర్నాడే సంచి తీసుకుని బయల్దేరాడు. చేప నూనె గొట్టం మాత్రలు, గింకో అనే ఏదో చెట్టు ఆకు మాత్రలు, కాఫీ సారం బిళ్లలు, టీ ఆకులోంచి తీస్తారట, ఆ థియానిన్ బిళ్లలు, వాటికి తోడు బీ విటమిన్, మెగ్నీషియం. ఒక్కోటి పెద్ద డబ్బా. వంటింటి అరలోంచి పప్పు డబ్బాలు దిగిపోయి, వాటి చోట్లో ఇవి ఎక్కి కూర్చున్నాయి. చాలా రోజుల తర్వాత మందుల షాపాయన చెప్పాడు, ఆ కుర్రవాడన్నది నిల్వ గురించి కాదట, ఒకదానికొకటి జతగా పేర్చి వేసుకోవడాన్ని వాళ్ల భాషలో అలా అంటారట. ఇంగ్లీషులో అవి వేరువేరు మాటలట, తెలుగులో రాసేటప్పుడు మనం రెండూ ఒకేలా రాస్తాం. మా తప్పేముంది?

జత చేయడం సంగతి వదినకి ఒకరు చెప్పాలా! సెట్లు కట్టడమే ఆమె ఉద్యోగం. స్టీలు ట్రే బల్ల మీద పెట్టింది, చేతులు మోచేతుల దాకా కడుక్కుంది, మాత్రలన్నీ వాడే వరసలో సర్దింది. నా దగ్గర మిగిలిన నీలం లైనింగు గుడ్డ ముక్కలు అడిగి పట్టుకెళ్లి, నాలుగు మూలలూ కవరులా మడిచి చిన్న చిన్న మూటలు కట్టింది. ఒక మూట మీద 'పేర్లు బట్టీ పట్టే సెట్' అని రాసింది. ఇంకోదాని మీద 'లెక్కల సెట్'. మూడోదాని మీద 'అన్నీ మర్చిపోతే విప్పవలెను'.

"వదినా, ఇవి మింగాలా, ఆపరేషన్‌కి పంపాలా?" అన్నాను.

"నవ్వు నవ్వు. షిఫ్టు పెద్దనయ్యాక నాతో మాట్లాడాలంటే చీటీ పెట్టుకోవాలి నువ్వు" అంది.

ఇక చూడాలి మా ఇంటి భాగోతం. కాఫీ బిళ్లలు మింగిన మొదటి రోజు వదినకి నిద్ర రాలేదు, నిజమే. దానితో పాటు కూర్చునే ఓపిక కూడా రాలేదు. పుస్తకం చేత్తో పట్టుకుని ఫ్యాన్ రెక్కలు తుడిచింది, కర్టెన్లు ఊడదీసి ఉతికింది, నా కుట్టుమిషను కింద ఎప్పటినుంచో పడి ఉన్న దారం కండెలన్నీ ఏరి రంగుల వారీగా పెట్టింది. ఆవిరి ఎంత వేడిలో ఎంతసేపు ఉండాలో గడగడా అప్పజెప్పింది గానీ, వేడి చెప్పాల్సిన చోట సమయం, సమయం చెప్పాల్సిన చోట వేడి చెప్పింది. ఆ లెక్కన ఉడికితే కత్తెరలు గుజ్జయిపోతాయి.

చేప నూనెది వేరే కథ. తేన్పు వచ్చిందంటే గదిలో చేపల బుట్ట దింపినట్టుండేది. వీధి చివర పిల్లి ఒకటి వదినని చూడగానే తోక నిక్కబెట్టి వెనకాలే నడిచి, ఆసుపత్రి గేటు దాకా దిగబెట్టి వచ్చేది. గింకో అయితే జ్ఞాపకశక్తి పెంచిన మాట నూటికి నూరుపాళ్లు నిజం. పాఠాలు మాత్రం గుర్తుండలేదు. పెళ్లయిన కొత్తలో అన్నయ్య అన్న మాటలన్నీ పూసగుచ్చినట్టు గుర్తొచ్చాయి. "నా చీర రంగు గోడ సున్నంలా ఉందన్నారు, గుర్తుందా?" అని అన్నం వడ్డిస్తూ అడిగింది. అన్నయ్యకి ముద్ద గొంతులో అడ్డం పడింది. ఆ డబ్బా వారం తిరక్కుండానే అటకెక్కింది. ఎక్కించింది అన్నయ్యేనని నా అనుమానం.

ఆ రోజుల్లో అన్నయ్య కూడా కాస్త తేడాగానే ఉన్నాడు. ఒకరోజు పొద్దున్నే బాగున్న ఫ్రిజ్‌ని విప్పి మళ్లీ బిగించాడు. ఇంకో రోజు ఆయన పక్కన కూర్చోవాలంటే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. మొగుడూ పెళ్లాలు ఒకే గదిలో ఉంటారు, గాలి సోకి ఉంటుందిలే అనుకున్నాను.

చివరికి వదిన గుండె దడదడలాడుతోందని అంటే, నేనే రెక్క పట్టుకుని మందుల షాపుకి లాక్కెళ్లాను. ఆ షాపాయన మాకు బాగా తెలిసినవాడు, బట్టతల మీద కళ్లజోడు పెట్టుకుని కళ్లజోడు కోసం వెతుక్కుంటూ ఉంటాడు. వదిన కట్టిన మూటలు విప్పి చూసి నోరెళ్లబెట్టాడు.

"ఇవన్నీ కలిపి ఒకేసారి మొదలుపెట్టారా అమ్మా?"

"సెట్టు కదండీ" అంది వదిన, అదేదో తెలియనివాడికి చెబుతున్నట్టు.

"అన్నీ ఒకేసారి మింగితే ఏది పని చేసిందో, ఏది దడ తెచ్చిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ముందు అన్నీ ఆపేయండి. దడ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. తగ్గితే, ఒక్కటే, అదీ సగం బిళ్ల, పొద్దుటిపూట. అయినా వీటితో మార్కులొస్తాయని నేను మాటివ్వలేను."

"మా దగ్గరా అంతేనండీ. యంత్రంలో ఒకేసారి రెండు మార్చామంటే తప్పెక్కడుందో దొరకదు" అని వదిన బుద్ధిగా ఒప్పుకుంది. దడ రెండు రోజుల్లో సర్దుకుంది. డబ్బాలన్నీ కట్టగట్టి పక్కన పెట్టి, సగం కాఫీ బిళ్ల, దానికి జతగా కాస్త థియానిన్, ఇంతే ఉంచుకుంది. దగ్గు తగ్గించేది దగ్గు మందు, జ్వరం తగ్గించేది జ్వరం మందు, కాబట్టి నిద్ర తగ్గించే ఆ కాఫీ బిళ్లకి మా ఇంట్లో నిద్ర మందు అని పేరు స్థిరపడింది. మా కొంప ముంచింది ఈ పేరే.

పరీక్షకి ముందు రోజు వదిన సెలవు పెట్టింది. చివరి పాఠం ఒక్కటే మిగిలింది, దాంట్లోంచి ప్రశ్న తప్పకుండా వస్తుందని అందరూ అన్నారు. నేను షాపుకి వెళుతుంటే ఆమె కొంగు నడుముకి దోపి, యుద్ధానికి వెళ్లేదానిలా బల్ల ముందు కూర్చుంది. అన్నయ్యకీ ఆ రోజు పని లేదు, పుస్తకం పట్టుకుని ప్రశ్నలడగడానికి ఉండిపోయాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వదినకి మొదటి ఆవులింత వచ్చింది. డబ్బా చూస్తే ఖాళీ. "ఏమండీ, నిద్ర మందు అయిపోయింది, పరుగున వెళ్లి తెండి!" అని కేక పెట్టింది. అన్నయ్య చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తాడు.

మా మందుల షాపాయన భోజనానికి వెళ్లి ఉన్నాడు. గల్లా దగ్గర కొత్త మనిషి. అక్కడ జరిగిన సంభాషణ అన్నయ్య తర్వాత నాకు పొల్లు పోకుండా చెప్పాడు.

"నిద్ర మందు కావాలి బాబూ."

"ఎవరికండీ?"

"మా ఆవిడకి. రేపు పరీక్ష."

"పరీక్షలప్పుడు ఇది మామూలేనండీ. బాగా నిద్ర పోవాలా?"

"పూర్తిగా పోవాలి. కొంచెం కూడా మిగలకూడదు."

"ఇంతకుముందు వాడింది పని చేయలేదా?"

"చేసేది గానీ, సగమే పోయేది."

"అయితే ఇది తీసుకెళ్లండి. ఒక్క మాత్ర వేసుకుంటే చాలు, గ్యారంటీగా నిద్ర పోతుంది."

"పోతే చాలు నాయనా, నీ కడుపు చల్లగా ఉండ!" అని అన్నయ్య దండం పెట్టి మరీ వచ్చాడు.

చెప్పండి, ఇందులో ఎవరిది తప్పు? ఇద్దరూ నిజమే మాట్లాడారు. దగ్గు పోతుందంటే దగ్గు వెళ్లిపోతుంది. నిద్ర పోతుందంటే మాత్రం మనిషి వెళ్లి మంచమెక్కుతుంది. పోవడమనే మాటని కనిపెట్టిన మహానుభావుడెవరో దొరికితే నా కత్తెరతో వాడి జుట్టు కత్తిరించి వదిలిపెడతాను.

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. బెల్లు కొట్టాను, పలుకు లేదు. తలుపు బాదాను, పలుకు లేదు. కిటికీలోంచి తొంగి చూశాను. వదిన బల్ల మీదికి వాలిపోయి ఉంది. అన్నయ్య కుర్చీలో వెనక్కి పడిపోయి, చేతిలో పుస్తకం జారి, నోరు తెరుచుకుని ఉన్నాడు. అన్నయ్య ఫోన్‌కి ఫోన్ చేశాను. ఆయన చెవి పక్కనే అది మోగి మోగి ఆగిపోయింది. షాపు నుంచి తెచ్చుకున్న బట్టలు కొలిచే బద్దని కిటికీ ఊచల్లోంచి దూర్చి, గడియ పైకెత్తి, లోపలికి పరుగెత్తాను. దగ్గరికి వెళ్లేసరికి వినబడింది గురక. ఆయన పైస్థాయిలో అందుకుంటే ఈమె కింది స్థాయిలో బదులిస్తోంది. ప్రాణం కుదుటపడి అక్కడే నేల మీద కూలబడ్డాను.

బల్ల మీద కొత్త మాత్రల అట్ట ఉంది. దాని మీద చందమామ, దిండు, చిరునవ్వుతో పడుకున్న ఒక మొహం. రెండు గుంటలు ఖాళీ. ఇద్దరినీ ఒకసారి గట్టిగా కుదిపి చూసి, అట్ట పట్టుకుని మందుల షాపుకి పరుగు తీశాను. ఈసారి మా షాపాయనే ఉన్నాడు, కళ్లజోడు తల మీంచి దించి చదివాడు.

"తలా ఒకటేగా? భయం లేదమ్మా, తేలికపాటిదే. ఊపిరి బాగా ఆడుతోందిగా? పిలిస్తే పలుకుతున్నారా?"

"తిడితే తిరిగి తిడుతున్నారు."

"అయితే బ్రహ్మాండంగా ఉన్నారు. పడుకోనివ్వండి. మందు కొంత, ఇన్ని వారాల బడలిక కొంత."

ఇంటికొచ్చి వదినని కుదిపాను. "చివరి పాఠం వదినా! లే!" అంటే, "ఆరబెట్టు, వస్తున్నా" అని అటు తిరిగి పడుకుంది. మొహం మీద నీళ్లు చల్లితే చేత్తో తుడుచుకుని నవ్వింది. ఎన్నాళ్ల తర్వాతో ఆ మొహం నిమ్మళంగా ఉంది. లేపాలా వద్దా అని కాసేపు కొట్టుమిట్టాడి, చివరికి ఇద్దరినీ మంచం మీదికి ఈడ్చి దుప్పటి కప్పాను.

తెల్లారాక వదిన లేచి, ఒళ్లు విరుచుకుని, కిటికీలో ఎండ చూసి, "సాయంత్రమైపోయిందేంటే అప్పుడే?" అంది.

"పొద్దునైంది వదినా. పరీక్ష ఇవాళే."

ఆ తర్వాత మా ఇంటి పైకప్పు ఎందుకు ఎగిరిపోలేదో నాకిప్పటికీ తెలియదు. చందమామ అట్ట అన్నయ్య ఒళ్లో పడింది, దాని వెనకే పుస్తకం, దాని వెనకే దిండు. "మొత్తం పోయింది! చివరి పాఠం ఒక్క ముక్క చదవలేదు! ఇక దుప్పట్లే నా గతి!" అని వదిన గుండెలు బాదుకుంది. అన్నయ్య బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. తన చేతులతోనే పెళ్లాం ఆశ నరికేశానని ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఇద్దరి మీదా జాలేసింది. అప్పుడు వదినకి ఒక అనుమానం వచ్చింది.

"అది సరేనండీ. నాకు మందిచ్చారు, నేను పడుకున్నా. మీరెందుకు పడుకున్నారు?"

అన్నయ్య నేల చూపులు చూశాడు.

"నేనూ వేసుకున్నాను."

"పరీక్ష నాదైతే మీకెందుకు?"

"అన్నీ వేసుకున్నానే" అన్నాడు. "నువ్వు మొదలుపెట్టిన ప్రతిదీ ముందు రోజు నేను మింగి చూశాను. కరెంటుందో లేదో టెస్టర్ పెట్టి చూడకుండా ఏ వైరూ ఎవరి చేతా ముట్టించను కదా. నీకేమైనా అయితే? నిన్న మాత్రం టైము లేదు, అట్ట మీది బొమ్మ కూడా చూడకుండా ఇద్దరం ఒకేసారి వేసుకున్నాం."

వదిన విసరబోయిన రెండో దిండు దించేసింది. "ఆ చేప తేన్పులు మీవేనా?" అంది. ఆయన తలూపాడు. "గుండె దడ?" మళ్లీ తలూపాడు. "నీకంటే ముందే నాకు ఒక రోజంతా కొట్టుకుంది. పోయింది కదా అని ఊరుకున్నాను." వదిన మంచం మీద చతికిలబడి నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి పొట్ట పట్టుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వింది. చివర్లో అది నవ్వో ఏడుపో నేను చెప్పలేను. ఆ నవ్వుతోనే స్నానం చేసి, ఆ నవ్వుతోనే రెండు ముద్దలు తిని, ఒక్క మాత్ర కూడా ముట్టకుండా పరీక్షకి వెళ్లింది.

వచ్చాక ఎలా రాశావంటే పెదవి విప్పలేదు. ఫలితాలు వచ్చే దాకా ఇంట్లో ఎవరూ మందు అనే మాట ఎత్తలేదు. దగ్గొచ్చినా నీళ్లు తాగి సరిపెట్టుకున్నాం. ఫలితాలు వచ్చిన రోజు వదిన వీధి మొదట్లోంచే చెయ్యి ఊపుకుంటూ, చెప్పులు టపటపలాడించుకుంటూ పరుగెత్తుకొచ్చింది. పాసైంది! నేను నోట్లోని గుండుసూదులు ఉమ్మేసి కావిలించుకున్నాను. అన్నయ్య స్క్రూడ్రైవరుతో సహా గంతులేశాడు.

అప్పుడు బయటపెట్టింది అసలు సంగతి. రాతపరీక్షలో అరకొర మార్కులేనట. నోటి పరీక్షలో ఒక పెద్దాయన సరిగ్గా ఆ చివరి పాఠంలోంచే అడిగాడట. "మూట మీద టేపు నల్లబడింది, అన్ని గుర్తులూ సరిగ్గానే ఉన్నాయి. అయినా నీకెందుకో అనుమానం. అటు ఆపరేషన్‌కి తొందర పెడుతున్నారు. ఏం చేస్తావు?"

"నాకు పుస్తకంలో ఏముందో తెలియదు" అంది వదిన మాతో. "తెలియదని చెప్తే దుప్పట్లే. అందుకని ఉన్నమాట చెప్పాను. ఆ ఆపరేషన్ బల్ల మీద మా ఆయన పడుకుని ఉన్నాడనుకుంటానండీ, ఎవరు తొందరపెట్టినా పంపను, విప్పి మళ్లీ మొదటి నుంచి కడుగుతాను అన్నాను. పుస్తకంలోనూ అదే ఉందటే! మా ఆయన మాట తప్ప మిగతాదంతా అచ్చం అదేనట."

నేను చప్పట్లు కొట్టాను. అన్నయ్య మాత్రం చిన్నబుచ్చుకున్నాడు.

"బంగారంలా తిరుగుతున్నవాణ్ణి, నన్నెందుకు ఎక్కించావే ఆపరేషన్ బల్ల?"

"నా మాత్రలు మీరెందుకు మింగారో, అందుకే" అంది వదిన.